సూదులకు అప్పగించిన భుజం

మొన్నామధ్య బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడమీది గదిలో, కుడిభుజం నిండా సన్నని సూదులతో కదలకుండా పడుకుని, కింద రోడ్డు మీది బస్సుల హారన్లు వింటూ ఉండగా నాకు మా అన్నయ్య గుర్తుకొచ్చాడు. ఆక్యుపంక్చర్ చేసే డాక్టరమ్మ లైటు తగ్గించి, కాసేపు అలాగే ఉండమని చెప్పి వెళ్లిపోయింది. ఉండక ఏం చేస్తాను? కదిలితే ఏ సూది ఎంత లోపలికి దిగుతుందోనని ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తున్నాను.

నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, మన చిన్నతనంలో సూది అంటే ఇప్పటి సూది కాదు. మా ఊరికి కాలవగట్టు మీద సైకిలు తొక్కుకుంటూ కాంపౌండరు గారు వచ్చేవారు. వస్తూనే అమ్మను గిన్నెలో నీళ్లు కాగబెట్టమనేవారు. ఆ నీళ్లలో గాజు సిరంజి టకటకలాడుతూ మరుగుతుంటే, ఆ చప్పుడుకే అమ్మ వెనక నక్కేదాన్ని. ఒక ఏడు నాకు నెమ్ము చేసి రోజూ ఇంజెక్షన్ పడాల్సి వచ్చినప్పుడు, అంత జ్వరంలోనూ దొడ్లోకి పారిపోయి గడ్డివామి వెనక దాక్కునేదాన్ని. నాకంటే కొంచెమే పెద్దవాడైన అన్నయ్య వెతికి పట్టుకుని, వీపున వేసుకుని తెచ్చి, నా తలను తన భుజానికి అదుముకునేవాడు.

"అటు చూడకే. కావాలంటే నన్ను కొరుకు."

నేను నిజంగానే కొరికేదాన్ని. ఆ పంటిగాట్లు చూసి అమ్మ నన్ను తిట్టబోతే, చీమ కుట్టిందని చెప్పేవాడు.

పెద్దయితే పోతుందన్నారు గానీ ఆ భయం పోలేదు. విజయవాడలో పంతులమ్మగా చేరాక కూడా, టీకాలవాళ్లు బడికొచ్చిన రోజున క్లాసును పక్క టీచరుగారికి అప్పజెప్పి స్టాఫ్ రూములో కూర్చునేదాన్ని. పిల్లలే నయం, ఒక్క ఏడుపు ఏడ్చి ఊరుకునేవారు.

ఊళ్లో వ్యవసాయం చూసుకుంటున్న అన్నయ్యకు షుగరు ముదిరి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం మా ఇంట్లోనే ఉండేవాడు, ఆసుపత్రికి ఆటోలో నేనే తీసుకెళ్లేదాన్ని. అక్కడి సూదులు చూస్తే ఎంతటివాడికైనా గుండె జారుతుంది. ఒకరోజు ఎంతసేపటికీ నరం దొరక్క, గుచ్చినచోటే మళ్లీ గుచ్చుతుంటే తన చెయ్యి ఉబ్బిపోయింది. నేను మంచం పక్కన గోడవైపు తిరిగి నిలబడ్డాను.

"నువ్వెళ్లి బయట కూర్చోవే అమ్మాయ్. నీ వల్ల కాదులే," అన్నాడు, ఆ స్థితిలో కూడా నామీదే జాలిపడుతూ.

వెళ్లి బయట కూర్చున్నాను. తను ఏడవడు, ఎవరినీ పట్టుకోడు; నేను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అనిపించింది. ఆ ఏడే, కాలవలకు నీళ్లు వదిలిన రోజుల్లో పోయాడు.

ఈమధ్య నా కుడిభుజం బిగుసుకుపోయింది. మాత్రలకు లొంగలేదు. ఎముకల డాక్టరు గారు కీలులోకి ఇంజెక్షన్ అనగానే వద్దని లేచి వచ్చేశాను. కోడలు ఆక్యుపంక్చర్ మాటెత్తితే, అదీ సూదులే కదమ్మా అని తోసేశాను. ఒక మధ్యాహ్నం కోడలు ఆఫీసులోనూ, అబ్బాయి ఆటోనగర్‌లో తన షాపులోనూ ఉండగా, స్నానం చేసి జాకెట్ తొడుక్కోబోతే చెయ్యి సగంలో ఇరుక్కుపోయింది. అటూ వెళ్లదు, ఇటూ రాదు. పక్కింటావిడను పిలుద్దామన్నా ఆ అవతారంలో తలుపెలా తీయను? తువ్వాలు కప్పుకుని సాయంత్రం దాకా మంచం మీద అలాగే కూర్చున్నాను. కోడలు తన తాళంతో తలుపు తీసుకుని వచ్చి, పసిపిల్లకు తీసినట్టు జాకెట్‌లోంచి ఆ చేతిని నెమ్మదిగా తీసింది.

"ఆ సూదుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమ్మా," అన్నాను.

ఆ మేడమీది గదిలో కళ్లు గట్టిగా మూసుకుని మొదటి సూది కోసం ఎదురుచూస్తుంటే, డాక్టరమ్మ అన్నీ పెట్టేశానంది. చీమ కుట్టినంత కూడా లేదు. ఆవిడ వెళ్లాక ఎందుకో కన్నీళ్లు జారి చెవిలోకి దిగాయి. ఎడమచేత్తో తుడుచుకుందామన్నా కదలకూడదు.

నాలుగైదుసార్లు వెళ్లొచ్చాక ఇప్పుడు చెయ్యి చెవిదాకా లేస్తోంది, ఆపైన లేవడం లేదు. జడ ఇంకా కోడలే వేస్తోంది. ఈ వయసులో ఇంతకంటే ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ మర్యాదగానే చెప్పింది.

ఈ రోజుల్లో సూదులు మరిగించే పని లేదు, రోగిని నలుగురు పట్టుకునే పనీ లేదు. అంతా సుఖమే. కానీ అమ్మ లేదు, నాన్న లేడు, కాంపౌండరు గారూ లేరు. కోడలికి తెలిసిన నేను సూదులంటే కాస్త నసపెట్టే అత్తగారిని, అంతే. ఆ జ్వరంలో గడ్డివామి వెనక నక్కిన పిల్లను ఎరిగినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. నేను ఏడవకుండా, ఎవరినీ పట్టుకోకుండా సూదులు పెట్టించుకున్నానని ఎవరికైనా చెప్పాలనిపించి, ఆ మొదటిరోజు ఇంటికొచ్చాక ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఎవరికి చేయాలో తోచక, కాసేపు పట్టుకుని కూర్చుని, మళ్లీ బల్ల మీద పెట్టేశాను.