ముందుపళ్లు అరిగిన మనిషితో బొబ్బిలికి

రేపు కాలేజీలో ప్రదర్శన అనగా బొమ్మ పుర్రె దవడ విరిగింది. నా బొబ్బిలి ప్రయాణానికి అంతకు మించి గొప్ప కారణమేమీ లేదు. అరవై ఎనిమిది వేసవి. నేను విజయనగరంలో చరిత్ర చెప్పే లెక్చరర్ని. నియాండర్తల్ మనుషులు యూరప్‌లోనే కాదు, ఆసియాలోనూ ఉండేవారని, ఇరాక్‌లోని షానిదార్ గుహలో వాళ్ల ఎముకలు దొరికాయని పిల్లలకు చూపిద్దామనుకున్నాను. పుస్తకంలో ఫొటోలు చూపించి మా డ్రాయింగ్ మాస్టారి చేత అక్కడ దొరికిన ఒక మనిషి పుర్రెను ప్లాస్టర్‌తో చేయించాను. ఆయనేమో బదిలీ మీద వెళ్లిపోయాడు. బొబ్బిలిలో వీణ కొసన సింహంలాంటి యాళి ముఖం చెక్కేవాళ్లకు దవడ ఒక లెక్కా అనిపించింది.

ఉదయం ఏడింటి పాసింజరెక్కితే తొమ్మిది దాటాక బొబ్బిలి. టికెట్టు రూపాయి పైచిలుకు. స్టేషన్ నుంచి వీణలు చేసే గొల్లపల్లికి జట్కా అర్ధరూపాయి. మూటలో ఏముందని జట్కావాడు అడిగితే పుర్రె అన్నాను. "ఓలమ్మో! దిగిపోండి బాబూ, గుర్రం బెదురుతాది" అన్నాడు. బొమ్మేనని విప్పి చూపిస్తే గానీ బండి కదల్లేదు. గుర్రం మాత్రం అటు చూడనైనా లేదు.

అక్కడ వీణలు చెక్కే సూర్నారాయణ ఇంటి అరుగు మీద తండ్రీకొడుకులకు గొడవ జరుగుతోంది. తండ్రి అప్పలస్వామికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. తీగ కొస పళ్లతో పట్టుకుని ఎడంచేత్తో వీణకు తీగ బిగించే బిరడా తిప్పుతుంటే కొడుకు వీణ లాగేసుకున్నాడు.

"ఒరే, ఈ ఒక్క వీణా నన్ను సెయ్యనీరా."

"ఏటి సేస్తావయ్యా? పళ్లన్నీ అరిగిపోనాయి. ముసలోడి సేత పని సేయిస్తన్నానని ఊరు నన్ను ఉమ్మేస్తాది. కూకుని తిను."

ముసలాయన గోడవైపు తిరిగిపోయాడు. నాకు జాలేసింది. అయినా మూడున్నరకు తిరుగు బండి ఉంది, నా మూట విప్పాను.

సూర్నారాయణ పనస చెక్కతో దవడ చెక్కి భోజనాలవేళకు అతికించి ఇచ్చాడు. చూసేసరికి ప్రాణం ఉసూరుమంది. ముందుపళ్లు నిండుగా, పెళ్లికొడుక్కున్నట్టు ఉన్నాయి.

"ఇదేం పనయ్యా! పాతదాంట్లో అరిగిపోయి ఉన్నాయి కదా?"

"బొమ్మ సేసినోడికి సేతకాలేదనుకున్నాను బాబూ. సరిసేసీసినాను."

నాకు ఒళ్లు మండింది. "ఆ మనిషికి కుడిచెయ్యి మోచేతి కింద లేదు. ఒక కన్ను ఆనదు. అయినా ఏళ్ల తరబడి బతికాడు. చేత్తో పట్టాల్సినవి పళ్లతో పట్టి పని చేసుకున్నాడని పండితుల ఊహ. అందుకే అరిగాయి!" అని కేకలేశాను.

ముసలాయన ఇటు తిరిగాడు. "ఆడికి కొడుకులు నేరా బాబూ?"

"ఎవరో ఒకరు ఉండే ఉంటారు. తిండి పెట్టకపోతే అన్నాళ్లు బతకడు."

"తిండి సంగతి కాదు. పని సెయ్యనిచ్చారా అని."

"పళ్లు చూస్తే చెయ్యనిచ్చినట్టే ఉంది" అన్నాను.

సూర్నారాయణ ఆకురాయి తీసుకున్నాడు. ఎంత అరగాలో చూపిద్దామని నేను పుస్తకం తెరిచాను. అతను అటు చూడకుండా వెళ్లి తండ్రి ఎదుట కూర్చున్నాడు.

"అయ్యా, ఓపాలి నోరు తియ్యి."

తండ్రి నోట్లోకి చూస్తూ బొమ్మ పళ్లు అరగదీశాడు. పూర్తయ్యాక ఇందాకటి వీణా, తీగచుట్టా తెచ్చి తండ్రి ఒళ్లో పెట్టాడు.

షానిదార్ మనిషిని తనవాళ్లు సాకారని ప్రదర్శన అట్ట మీద రాసుకున్నాను. పక్కనే "పనిలోనూ ఉంచుకున్నారేమో" అని చేర్చాను. అంతకన్నా గట్టిగా చెప్పే అధికారం నాకు లేదు. మీరు గొల్లపల్లి వెళ్తే ఉదయం బండికే వెళ్లండి, తిరుగు ప్రయాణం మాత్రం ఆఖరి బండికి పెట్టుకోండి. మూడున్నర బండి నేను చేజేతులా వదిలేసుకున్నాను. ముసలాయన ఇంకా రెండో తీగ మీదే ఉన్నాడు, ఎలా లేచి వస్తాను?