రెండో అల వచ్చేలోపు

ఉదయం ఆరున్నరకు కోయంబత్తూరు ఉక్కడం స్టాండులో కంబం బస్సెక్కాను. తీరప్రాంతాల సునామీ ముప్పు మీద మా బృందం రాస్తున్న నివేదికకు పాత ఆధారాలు వెతకడం నా పని. నేను చూసిన పాత కాగితాల్లో సముద్రం ఊళ్లోకి వచ్చిందని ఉంది గానీ, మొదటి అలకూ రెండో అలకూ మధ్య ఎంతసేపు పట్టిందో లేదు. రెండువేల నాలుగు సునామీ అప్పుడు తీరంలోని చర్చికి యాత్రకు వెళ్లి, బతికి వచ్చిన ఎస్తరమ్మ అనే ఆమె కంబంలో ఉందని విని బయలుదేరాను.

ఉడుమలైపేటలో టిఫిను చేశాక, పక్క సీట్లో కొబ్బరి వ్యాపారి తెలుగులో పలకరించి నా పనేంటో అడిగాడు. సముద్రం మీద నివేదిక అని చెప్పాను.

"కడలు సంగతికి కంబం ఏంటికి సార్? ఆడుండేది కొండలే కదా!"

ఎందుకో చెప్పాను. అతను పళనిలో దిగిపోయాడు.

ఒంటిగంటకు కంబం చేరాను. ఎస్తరమ్మ ద్రాక్షతోట పని నుంచి అప్పుడే వచ్చింది. అప్పట్లో అవ్వ దగ్గర ఉండిపోయి బతికిన కొడుకు డేవిడ్ ఇంట్లోనే ఉన్నాడు.

"క్రిస్మస్ మర్నాడు సార్. లాడ్జి మాడి మీద, పై అంతస్తులో, పొయ్యి పెట్టుకుంటిమి. నీళ్లు వచ్చె, ఎనక్కి పాయె. అయిపాయె అనుకుంటిమి. చెప్పులు కొట్టుకుపొయినాయని పాప ఏడిస్తే, మా ఇంటాయన ఎత్తుకోని కిందికి దిగె."

నేను అడగాల్సింది అడిగాను. నోటివెంట వచ్చాక నామీద నాకే అసహ్యం వేసింది.

"ఎంతసేపటికి వచ్చిందక్కా, రెండోది?"

"కూడు ఇంకా ఉడకలేదు. బియ్యం పలుకుగానే ఉండె."

డేవిడ్ కల్పించుకున్నాడు. "ఈ పండగకు పిల్లల్ని ఆడికే తీసుకుపోతుండా. కడలు పక్కనే రూము. అమ్మ వద్దంటాది. అది మళ్లా వస్తుందా సార్?"

"అంతకుముందు కూడా వచ్చిందని పాత కాగితాల్లో ఉంది. మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేను. తీరానికి దూరంగా, పై అంతస్తులో రూము తీసుకోండి. మొదటి నీళ్లు వెనక్కి పోయాక మాత్రం దిగొద్దు."

అతను తల్లి ముఖం చూసి, ఫోన్ తీసి ఆ రూము వద్దని చెప్పేశాడు.

"పోనీ," అంది ఎస్తరమ్మ. "కానీ నేనూ వస్తాను. మెట్లకాడ కూర్చుంటా. ఎవుర్నీ దిగనీను."

మూడున్నరకు మదురై బస్సెక్కాను. అక్కడ రైలెక్కాలి. ఆండిపట్టిలో టీకి ఆపితే దిగబుద్ధి కాలేదు. మా పటంలో ముప్పున్న ఊళ్లన్నీ తీరం వెంటే ఉన్నాయి. చనిపోయేది మాత్రం ఆ ఊళ్లవాళ్లే కానక్కరలేదు. సముద్రం వెనక్కి పోతే పరిగెత్తాలని తెలియని పిల్లలు ఈ కొండల మధ్య నుంచీ అక్కడికి వెళతారు.