శబ్దం లేని కారు

ఫ్యాక్షన్ గొడవలు జోరుగా ఉన్న రోజులవి. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే బస్సులో, కొత్తగా రాబోతున్న ఒక ఖరీదైన విదేశీ కారు బొమ్మను పత్రికలో చూస్తున్నాను. పాత మోడల్ ముందుభాగం మొత్తం మార్చేశారు. పక్కసీటు పెద్దాయన దాని దీపాల మీద వేలు పెట్టి, "శానా బాగుండాది. ఇంజను ఎట్లుంటాదంట?" అని అడిగాడు.

"వచ్చి మన పక్కన నిలబడినా ఇనపడదంట మామా," అన్నాను గొప్పగా.

ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. "పొద్దు మునిగినాక బండి శబ్దం ఇని, మనోళ్లదైతేనే మా ఊర్లో తలుపు తీస్తామప్పా. ఇనపడకుండా వచ్చేదానికి ఏం చేయల్ల?"

తర్వాత ఆ కారు ప్రొద్దుటూరుకూ వచ్చింది. ఒకరోజు బజారులో చప్పుడు లేకుండా నా వెనకే వచ్చి ఆగింది; దాని తలుపు తీసిన చప్పుడైతే గానీ నాకు తెలియలేదు. ఎంతగానో ఎదురుచూసిన కారు. వెనక్కి తిరిగి దాని ముందుభాగం చూసేలోపే పక్కనున్న అంగట్లోకి దూరిపోయాను.