నీనెవె రాజుకు అవ్వ వకాల్తా

మా చిన్నప్పుడు... పుదుచ్చేరిలో మా బియ్యం కొట్టు వెనకే ఒక చిన్న చర్చి ఉండేది. స్నేహితులంతా వెళ్తారని సండే స్కూలుకు నేనూ తయారయ్యేదాన్ని.

ఒక ఏడు ఆగస్టు పదిహేనుకు నాటకం అన్నారు. దేశనాయకుల వేషాలు దొరుకుతాయని ఎగిరి గంతేశాం. పాస్టరుగారేమో బైబిల్లోని యోనా కథ తీశారు... శత్రుదేశపు పట్టణం నీనెవెను హెచ్చరించమని దేవుడు యోనాను పంపుతాడు. వాళ్ళు తప్పు ఒప్పుకుంటారు, దేవుడు క్షమిస్తాడు. వాళ్ళనెందుకు వదిలావని యోనా అలిగి కూర్చుంటాడు.

పండగపూట ఇదేం కథని పెద్దలు గొణిగారు. "దేశాన్ని ప్రేమిద్దాం. దాన్నే దేవుణ్ణి చేసి కూర్చోబెట్టొద్దు" అన్నారు పాస్టరుగారు.

అందరికన్నా పొడుగని నన్ను నీనెవె రాజును చేశారు. యోనా వేషం పాస్టరుగారబ్బాయి డేనియల్‌ది. "శత్రుదేశానికి మన జెండా ఏంది?" అని వాడు నా గౌనుకున్న కాగితం జెండా పీకేశాడు. అప్పట్నుంచి పిల్లల్లో నా పేరే శత్రుదేశం. ఎంత ఏడ్చానో...

తప్పు ఒప్పుకున్న గుర్తుగా రాజు గోనెపట్ట కట్టి, బూడిద పూసుకోవాలట. గోనెలకు మా కొట్టులో కరువా! బూడిదకు మా అవ్వ విబూది పొట్లం విప్పి, నా నుదుటిన అడ్డంగా మూడు పట్టెలు దిద్దింది. కింద బొగ్గు మీసం. నన్ను చూసి పాస్టరుగారు నవ్వాపుకోలేక నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

నాటకం అరవంలో. మోకాళ్ళమీద పడి ఏడ్చాను... నిజం ఏడుపే. దేవుడు క్షమించాడు. యోనా మొహం తిప్పుకుని, "ఆ ఊరు కాలిపోవాల్సిందే" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

ముందు వరసలోంచి మా అవ్వ లేచింది. కోపమొస్తే ఆమెకు తెలుగే వస్తుంది.

"ఏందిరా నీ యవ్వారం? తప్పని ఒప్పుకునె గదా బిడ్డ. దేవుడే పోనీలే అంటే నడాన నువ్వెవురు? ఆ ఊర్లో చంటిబిడ్డలు లేరా, ఆవులు లేవా?"

దాన్ని అరవంలో చెప్పమని పాస్టరుగారు నన్నే అడిగారు. మీసం చెరిగిన రాజు తన వకాల్తా తనే అనువదించుకున్నాడు. ఆయన ప్రసంగం కాగితాలు మడిచేశారు. "కథ చివర దేవుడు యోనాను అడిగిందీ ఇదే. పెద్దామె చెప్పేశారు, ఇక నాకు పనిలేదు."

డేనియల్ తన అంగీకున్న జెండా తీసి నా గోనెకు పెట్టాడు. పిన్ను ఒంట్లోకే దిగింది. అయినా నోరెత్తలేదు, రాజును కదా.

ఇప్పుడు ఫోను తెరిస్తే ఆ ఊరు కాలిపోవాలనే యోనాలే... చప్పట్లకూ కొదవ లేదు. ముందు వరసలోంచి లేచే అవ్వలే కనబడరు.

మీ ఇంట్లో అలా లేచిన అవ్వ ఉంటే, ఏమని తిట్టిందో కాస్త రాయండి... ఆ తిట్లతో ఇప్పుడు చాలా పనుంది.