చెయ్యి వణికిందని చెప్పాను

ఒక అబద్ధాన్ని కొన్నేళ్ళుగా మోస్తున్నాను. ఒక్క మాట, అంతే. మోస్తున్నానని చెప్పడానికి కూడా సిగ్గేస్తోంది, ఎందుకంటే బరువు మోసేవాడికి నడుమన్నా వంగుతుంది. నాకు వంగలేదు. శుభ్రంగా తిన్నాను, పడుకున్నాను, జీతం పెంచమని కూడా అడిగాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పే దమ్ము లేక మీకు చెబుతున్నాను.

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పైఅంతస్తు అద్దెకు తీసుకుని డ్రోన్ పైలట్ల శిక్షణ కేంద్రం పెట్టాం. డబ్బు పెట్టింది మా ఛైర్మన్ గారు. ఆటోనగర్‌లో లారీ స్పేరు పార్టులు అమ్మి పైకొచ్చిన మనిషి. డ్రోన్ కూడా ఆయనకు ఇంకో స్పేరు పార్టే. నేను ముఖ్య శిక్షకుణ్ణి. నవ్వితే నవ్వండి. ఇంజనీరింగ్ చదివి, నాలుగు ఉద్యోగాలు వెలగబెట్టి, ఎక్కడా నిలవలేక, చివరికి హైదరాబాద్‌లో ఒక చిన్న కోర్సు చేసి లైసెన్సు తెచ్చుకున్నవాణ్ణి. ఛైర్మన్ గారు నన్ను 'కెప్టెన్ గారూ' అని పిలిచేవారు. నేల మీద నిలబడి రిమోటు నొక్కేవాడు ఏం కెప్టెన్? అయినా పలికేవాణ్ణి.

మొదటి బ్యాచ్ అంతా పొదుపు సంఘాల ఆడవాళ్ళు. పొలంలో మందు కొట్టే డ్రోన్ ఎగరేయడం వాళ్ళకు నేర్పాలి. కోర్సు అయ్యాక అందరికంటే బాగా ఎగరేసినామె సంఘానికి డ్రోన్ ఇస్తారు. ఆ పేరు రాసి పంపాల్సింది నేను. వాళ్ళు క్లాసులోకి చెప్పులు విప్పి వచ్చేవారు. నాకు లోపల ఒకటే నవ్వు. వీళ్ళకు డ్రోనేమిటి, మా ఖర్మ కాకపోతే, అనుకునేవాణ్ణి. వాళ్ళను అంత చులకనగా చూడటానికి నేనేం పొడిచేశానని ఒక్కసారన్నా అనుకున్నానా? అనుకోలేదు.

వాళ్ళలో ఎస్తేరు ఒకామె. పామర్రు దగ్గర ఊరు. మంగళగిరి నుంచి నేతచీరలు తెచ్చి, స్కూటీ వెనక మూట కట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేది. డ్రోన్ వస్తే దాని మీద వచ్చే రాబడితో సంఘంలోవాళ్ళంతా కూలి పనులు మానుకోవచ్చని ఆమె ఆశ. ఆమె చెయ్యి నిలకడైన చెయ్యి. మొదటి వారంలోనే నాకు తెలిసిపోయింది. ఆమె పేరే పంపుదామనుకున్నాను కూడా.

పొలంలో ఎగరేసే మొదటి రోజును ఛైర్మన్ గారు పెద్ద ప్రారంభోత్సవం చేశారు. కోసేసిన వరిచేలో షామియానా, కుర్చీలు, పై ఆఫీసు నుంచి ఒక అతిథి గారు. మనం కొత్త బండి కొంటే ఏం చేస్తాం? పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, బంతిపూల దండ. డ్రోన్‌కీ అవన్నీ చేశారు. నిమ్మకాయల దగ్గర వచ్చింది చిక్కు. దీనికి చక్రాలు లేవే, మరి నిమ్మకాయలను దేంతో తొక్కిద్దాం అని ఒక పెద్దమనిషి నిజంగానే బెంగపడ్డాడు. దాని మీద కాసేపు చర్చ కూడా జరిగింది. అంతా మేధావులమే.

దండతోనే ఎగరేస్తే ఫోటో బాగుంటుందన్నారు ఛైర్మన్ గారు. ఆ మాత్రం తెలివి నాకుంది కాబట్టి వద్దన్నాను. వద్దని, దండను మెల్లగా తీయాల్సిందిపోయి పట్టుకుని లాగేశాను. తెగింది. పూలు రాలాయి. ఎగిరే ముందు చివరిసారి ప్రతి రెక్కనూ చేత్తో తిప్పి చూడటం శిక్షకుడి పని. రోజూ వాళ్ళకు అదే పాఠం దంచేవాణ్ణి. ఆ రోజు చూడలేదు. అతిథి గారు వాచీ చూసుకుంటున్నారు, నేను ఆయన మొహం చూస్తున్నాను. ఎగరెయ్యమ్మా అన్నాను.

ఎస్తేరు ఎగరేసింది. కొబ్బరిచెట్టంత ఎత్తు లేచి, ఒక పక్కకు ఒరిగి, షామియానా అవతల పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆవిడ పూజ దగ్గర దండం పెట్టలేదు చూశారా, అని వెనక ఎవరో అన్నారు. ఎస్తేరు చర్చికి వెళ్ళే మనిషి. పూజ అయినంతసేపూ అందరితోపాటు ఎండలో వినయంగానే నిలబడింది, నేను చూశాను. అయినా ఆ మాట తప్పని నేను అనలేదు.

ముందు పరిగెత్తింది నేనే. డ్రోన్ ఎత్తి చూస్తే ఒక మోటారుకు దండ తాలూకు నైలాను దారం బిర్రుగా చుట్టుకుని ఉంది. అందరి వైపూ వీపు పెట్టి, దాన్ని పీకి జేబులో వేసుకున్నాను. ఆ పని మాత్రం ఎంత చురుగ్గా చేశానో!

ఎస్తేరు నా వెనకే వచ్చింది.

"నేనేం తప్పు చేశానండీ సార్?"

"రిమోటు మీద స్టిక్ ఒక్కసారిగా పక్కకు తోశావమ్మా. చెయ్యి వణికింది."

"వణికిందాండీ? నాకు తెలియలేదే."

"మనకు తెలియదు. చూసేవాళ్ళకు తెలుస్తుంది."

ఆమె తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. "మీరు చెప్తున్నారంటే వణికే ఉంటదిలెండి."

ఆడలేక మద్దెల ఓడన్నాడట ఎవడో. వాడు నయం, మద్దెలకు మనసు లేదు. ఎస్తేరు పేరు తీసేశాను. డ్రోన్ ఇంకో సంఘానికి వెళ్ళింది. అది ఎవరింట్లోనో మంచం కింద పడుందని తర్వాత విన్నాను.

ఉద్యోగం పోతుందని భయపడ్డానా? ఇన్నేళ్ళూ అలాగే సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నిజం చెప్పి ఉంటే ఛైర్మన్ గారు పూలకొట్టువాణ్ణి నాలుగు తిట్టి ఊరుకునేవారు. నాకు పోయేదేమీ లేదు. అందరి ముందూ కెప్టెన్ తప్పు చేశాడనిపించుకోవాలి, అంతే. ఆమె మీదికి నెట్టేస్తే ఎదురు అడిగేవాళ్ళు లేరని నాకు తెలుసు. పూజ గురించి అన్న మాట కూడా అప్పుడు నాకు పనికొచ్చింది. ఛీ, ఎంత నీచుణ్ణి!

ఈమధ్య విజయవాడ బస్టాండులో కనిపించింది. తనే గుర్తుపట్టి వచ్చి పలకరించింది. చంకలో చీరల మూట. స్కూటీ ఏమైందని అడిగాను. అమ్మేశారట. చెయ్యి వణికే మనిషికి బండెందుకని ఇంట్లో ఊరుకోలేదట. బస్సు ఆగే ఊళ్ళలోనే ఇప్పుడు వ్యాపారం, సగానికి సగం పడిపోయింది. చెల్లెలి పసిబిడ్డను కూడా కింద కూర్చునే ఎత్తుకుంటుందట, జారిపోతుందేమోనని. ఇంత చెప్పి, మీరు ఆ రోజు చెప్పబట్టి సరిపోయిందండీ సార్, లేకపోతే బండి మీద ఎవర్ని గుద్దేసేదాన్నో, అంది. నాకు కృతజ్ఞతలు చెప్పింది.

అంత బరువు మూటను ఒంటిచేత్తో బస్సులోకి ఎక్కించింది. ఆ చేతిలో వణుకన్నది లేదు. అప్పుడైనా చెప్పాల్సింది. జాగ్రత్తమ్మా అన్నాను.

వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారు మీరు. చెప్పొచ్చు. ఊరు తెలుసు, దారి తెలుసు. వింటే తిడుతుందని కాదు. పోన్లెండి సార్ అంటుంది, అలాంటి మనిషి. ఆ మాట అనిపించుకునే అర్హత కూడా నాకు లేదు. అలాగని ఇంట్లో కూర్చోవడం గొప్పతనమా? అదీ పిరికితనమే.

ఆమె చెయ్యి వణకలేదు. ఈ మాట రాశాక నాకు కాస్త ఊపిరాడుతోంది. చూశారా, దీంట్లో కూడా బాగుపడింది నేనే. ఎస్తేరు రేపు పొద్దున కూడా బస్సు కోసం నిలబడుతుంది.