నస్రీన్ డ్యూటీలో ఆగిపోయే సర్వర్

2023 వానాకాలం. కరీంనగర్ నుంచి ఇచ్చోడ చేరేసరికి మధ్యాహ్నమైంది. హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రక్తం నిల్వచేసే గది ఉంది. ఆసుపత్రులకు సర్వర్లు బిగించడం, చెడితే బాగుచేయడం నా వృత్తి. ఆ గదిలోని ఫ్రిజ్ చల్లదనాన్ని కనిపెట్టుకుని ఉండి, అది హద్దు దాటగానే సిబ్బంది ఫోన్లకు సందేశం పంపే సర్వర్ ప్రోగ్రాం ఒకటుంది. అది సర్వీస్‌గా ఇన్‌స్టాల్ కావడం లేదని నన్ను పిలిచారు.

సర్వీస్ అంటే లినక్స్ కంప్యూటర్ ఆన్ కాగానే, ఎవరూ కీబోర్డు ముట్టకుండానే తనంతట తాను మొదలై వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రాం. ఇక్కడ అది కుదరక, రోజూ ఎవరో ఒకరు లాగిన్ అయి, తెర మీది గుర్తు నొక్కి మొదలుపెడుతున్నారు. కరెంటు పోయి వస్తే కంప్యూటర్ లేస్తుంది, ప్రోగ్రాం లేవదు. ఆ సమయంలో ఫ్రిజ్ వేడెక్కితే చెప్పేవాళ్లుండరు. పాడైన రక్తాన్ని పారబొయ్యాల్సిందే.

ఆసుపత్రి యజమాని రాజిరెడ్డి నన్ను పక్కకు పిలిచాడు.

"అసలు సంగతి చెప్తె నవ్వుతరు సార్. మా ఇద్దరు టెక్నీషియన్లల పద్మ డ్యూటీల మంచిగ నడుస్తది. నస్రీన్ డ్యూటీల అస్సలు మొదలుగాదు. నెలల సంది సూస్తున్న."

"ఇద్దరూ చేసేది ఒకటే పని కదా?"

"పద్మ పొద్దుగాల దీపం పెట్టి మొదలుపెడ్తది. ఈమె పెట్టదు. ఆమె మీద నాకు కోపమేం లేదు. గని రక్తంతోని ఆట గాదు గద. నెలాఖరుకు వేరే మనిషిని సూసుకుంటున్న."

హేతువాద చర్చావేదికల్లో పెరిగినవాణ్ని. ఇలాంటి మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. దీపానికీ ప్రోగ్రాంకూ సంబంధం అంటగట్టడం ఒక తప్పు. దాని బరువును ఒక ముస్లిం ఆడమనిషి నెత్తిన పెట్టి ఆమె కూడు తీయడం అంతకంటే పెద్ద తప్పు. ఆ మాట ఆయన ముఖం మీదే అన్నాను.

"మీరు తిట్టుండ్రి సార్, పడ్త. మరి ఎందుకు ఆగుతుందో జెప్పుండ్రి" అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. కంప్యూటర్ ఉన్న గదిలోకి నడిచాను.

డ్యూటీ మారే వేళ కావడంతో టెక్నీషియన్లు ఇద్దరూ గదిలోనే ఉన్నారు. నస్రీన్ నలభై దాటిన మనిషి. గల్ఫ్‌లో నడుము దెబ్బతిని తిరిగొచ్చిన భర్త ఇంట్లో ఉన్నాడు, సంపాదన ఈమెదే. తన ఉద్యోగం సంగతి ఆమెకు అప్పటికే తెలుసు.

"నేను బిస్మిల్లా అనుకుంటనే నొక్కుత సార్" అంది. "వాళ్ల దేవుడు అలిగిండంటే సరే, మా అల్లా గుడ పట్టించుకుంటలేడు."

"ఊకో అక్కా, నీకు గిప్పుడు గుడ పరాచికాలేనా" అని పద్మ కళ్లు తుడుచుకుంది. ఆ ఉద్యోగం పోతుందని నస్రీన్ కంటే ఆమే ఎక్కువ పరేషాన్‌గా ఉంది.

పని మొదలుపెట్టాను. పద్మ పొద్దున తన పేరుతో లాగిన్ అయి ఉంది. ప్రోగ్రాం ఎక్కడుందో చూసి, ఆ చిరునామాతో సర్వీస్ ఫైలు, అంటే దేన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో కంప్యూటర్‌కు చెప్పే చీటీ, రాసి మొదలుపెడితే నడిచింది. ఇంత చిన్న పనా అనుకుంటూ, పరీక్ష కోసం కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేశాను. సర్వీస్ లేవలేదు. లాగ్ తెరిచాను. కంప్యూటర్ తను చేసిన ప్రతి పనినీ రాసుకునే చోటు అది. 'అలాంటి ఫైలు లేదు' అని ఉంది. పద్మను లాగిన్ చేయించి చూస్తే ఫైలు ఉంది, సర్వీస్‌ను చేత్తో మొదలుపెడితే నడిచింది.

"సూసిండ్రా" అన్నాడు రాజిరెడ్డి.

చూశాను. ఆయన చెబుతున్నది జరుగుతున్న మాట నిజం. ఆయన చెప్పే కారణమే అబద్ధం. ఈ రెంటినీ విడదీయాలంటే వాదన చాలదు, పరీక్ష పెట్టాలి.

"రెడ్డిగారూ, మీ ముందరే తేలుద్దాం. దీపం, నొక్కే మనిషి, లాగిన్ పేరు, ఒక్కొక్కటీ విడదీసి చూద్దాం" అన్నాను.

మొదట దీపం లేకుండా పద్మ పేరుతో తెరిచాం. పద్మ పాస్‌వర్డ్ కొట్టి లేచింది, నస్రీన్ కూర్చుని గుర్తు నొక్కింది. ప్రోగ్రాం నడిచింది. తర్వాత కంప్యూటర్‌ను ఆపి వేసి, పద్మ చేత దీపం వెలిగించాం. ఈసారి నస్రీన్ తన పేరుతో తెరిచి లేచింది, పద్మ దండం పెట్టుకుని మరీ నొక్కింది. ప్రోగ్రాం కదలలేదు.

రాజిరెడ్డి దీపం వైపు చూశాడు, తెర వైపు చూశాడు. "గిదెట్ల?" అన్నాడు, గొంతు తగ్గించి.

దీపమూ కాదు, నొక్కిన చేయీ కాదు, మిగిలింది లాగిన్ పేరొక్కటే. అప్పుడు కంప్యూటర్ వెనక్కి వంగి చూశాను. ఎర్రదారం చుట్టి, కుంకుమ బొట్టు పెట్టిన డిస్క్ ఒకటి వైరుతో వేలాడుతోంది.

"వేములవాడ గుడిల పూజ చేయించి తెచ్చిన. ప్రోగ్రాం దీని మీదనే ఉండాలని ఇంతకుముందు కంప్యూటర్ బిగించినాయనకు గట్టిగ చెప్పిన" అన్నాడు రాజిరెడ్డి.

ముడి విడిపోయింది. ఇలా బయట తగిలించిన డిస్క్‌ను ఆ కంప్యూటర్ ఎవరైనా లాగిన్ అయితేనే తెరుస్తుంది, అదీ వాళ్ల పేరున్న ఫోల్డర్‌లో. పద్మ వస్తే పద్మ పేరు కింద, నస్రీన్ వస్తే నస్రీన్ పేరు కింద. ఎవరూ లాగిన్ కాకపోతే అసలు తెరవదు. తెర మీది గుర్తులో ముందటాయన రాసిందీ, సర్వీస్ ఫైలులో నేను రాసిందీ పద్మ ఫోల్డర్ చిరునామానే. నస్రీన్ వచ్చిననాడు ప్రోగ్రాం ఉంటుంది, ఆ చిరునామాలో ఉండదు. కంప్యూటర్ అప్పుడే ఆన్ అయితే ఎక్కడా ఉండదు.

ప్రోగ్రాంను కంప్యూటర్ లోపలి డిస్క్‌లోకి, ఎవరి పేరూ లేని ఫోల్డర్‌లోకి మార్చాను. సర్వీస్ ఫైలులో చిరునామా దిద్దాను. మొదలైనప్పుడు కూడా సందేశం వెళ్లేలా పెట్టి, పరీక్ష కోసం ఆ ఫోన్లలో నా నంబరూ చేర్చాను. బయటి డిస్క్ పీకి రాజిరెడ్డి చేతిలో పెట్టాను.

"దీన్నేం జెయ్యాలె సార్?"

"మీ పూజగదిలో పెట్టుకోండి. అక్కడ దానికి నడపాల్సిన ప్రోగ్రాం ఏదీ ఉండదు."

ఆయన కిసుక్కున నవ్వి, డిస్క్‌ను జేబులో వేసుకున్నాడు.

ఇక చివరి పరీక్ష. కంప్యూటర్ స్విచ్ ఆపి వేయమని నస్రీన్‌కు చెప్పాను. ఆమె చేయి స్విచ్ మీద ఆగింది. "మళ్ల నా చేతితోనేనా సార్" అంది. "మీ చేతితోనే" అన్నాను. ఆపింది, వేసింది. తెర మీద ఇంకా పేరు అడుగుతూనే ఉంది, ఎవరూ లాగిన్ కాలేదు. నా జేబులో ఫోన్ మోగింది. పద్మ ఫోన్, రాజిరెడ్డి ఫోన్, చివరగా నస్రీన్ ఫోన్. సర్వీస్ మొదలైంది, ఫ్రిజ్ చల్లదనం సరిగా ఉంది అని సందేశం.

నస్రీన్ స్టూలు మీద కూలబడి ముఖం చున్నీలో దాచుకుంది. పద్మ ఆమె వీపు మీద చేయి వేసి నిలబడింది. రాజిరెడ్డి గడప దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"నస్రీన్, గా వేరే మనిషి ముచ్చట నేను అనలే, నువ్వు ఇనలే. రేపటి డ్యూటీ నీదే గద?"

"నాదే సార్."

నా గుండెల మీద నుంచి బండ దింపినట్టయింది. ఆ కారణం దొరక్కపోతే, నా తర్కమంతా ఆ గదిలో ఒక ఉపన్యాసంగా మిగిలేది. ఆమె నెలాఖరుకు ఇంటికి పోయేది.

ఈ కేసు నాకు నేర్పింది ఇదీ: మూఢనమ్మకాన్ని కొట్టిపారేయడం సగం పనే. అది చూపించే సంఘటనకు అసలు కారణం తవ్వి తీయకపోతే, ఆ ఖాళీలో ఎవరో ఒక మనిషిని నిలబెట్టి నింద వేస్తారు. అందుకే 'ఫలానా మనిషి ఉంటేనే ఆగుతుంది' అని ఎక్కడ విన్నా ఇప్పుడు నేను కొట్టిపారేయను. ఆ మనిషినే పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటీ విడదీసి చూస్తాను.

ఆ సందేశాలు అందుకునే ఫోన్లలో నా నంబరు తీసేయడం మరిచిపోయాను, తర్వాత తీయాలనిపించలేదు. ఇచ్చోడలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇక్కడ కరీంనగర్‌లో నా ఫోన్ మోగుతుంది. సర్వీస్ మొదలైందని ఉంటుంది. ఆ వేళ డ్యూటీలో ఎవరున్నారో అందులో ఉండదు. ఉండాల్సిన అవసరమూ లేదు.