డ్రీమా కాడిల్ మూడు క్రెడిట్లు

డ్రీమా కాడిల్ స్కూలు బస్సు నడుపుతుంది. లిక్ బ్రాంచ్ లోయలో ఆవిడ గొంతు ఎరగని పిల్లాడు లేడు. వెనక సీట్లో ఎవడైనా లేచి నిలబడితే ఆవిడ తిరిగి చూడదు, బ్రేకూ వెయ్యదు. "కూచోరా!" అని ఒక్క మాట అంటుంది, బస్సు బస్సంతా కూచుంటుంది. అలాంటి మనిషికి నలుగురిలో మాట్లాడటం వచ్చా అని కాలేజీ వాళ్ళకి అనుమానం వచ్చింది. ఇంతకంటే విడ్డూరం ఎక్కడైనా ఉందా?

జరిగింది ఇది. కిందటి శీతాకాలంలో, నలభై ఆరో ఏట, డ్రీమా కౌంటీ పట్నంలోని కమ్యూనిటీ కాలేజీలో సీటు తెచ్చుకుంది. ఊపిరి ఆడని వాళ్ళకి వైద్యం చేసే కోర్సు అది. రెండేళ్ళకోసారి మొదలవుతుంది. ఆగస్టులో క్లాసులు మొదలయ్యేలోగా ఇంగ్లీషు, లెక్కలు, మనస్తత్వం లాంటి మామూలు సబ్జెక్టులన్నీ అయిపోయి ఉండాలి. లేకపోతే ఆ సీటు వెనక నిలబడ్డ వాళ్ళకి పోతుంది. డ్రీమాకేం బెంగ లేదు. పెళ్ళికి ముందు కొండమీది చర్చి కాలేజీలో ఆవిడ రెండేళ్ళు చదివింది. ఆ చదువునంతా ఇక్కడి లెక్కలోకి మార్చమని దరఖాస్తు పెట్టింది. అన్నీ మారాయి, ఒక్కటి తప్ప.

"ఉపన్యాసం క్లాసు ఒకటి తేలలేదు తల్లీ," అంది కౌంటరు వెనక నుంచి నోవెల్లా. కాలేజీలో పాత మార్కులు చూసే గుమాస్తా ఆవిడ. ఎనభై ఏళ్ళ వాళ్ళనైనా తల్లీ అనే పిలుస్తుంది. "మూడు క్రెడిట్లు. నీ పాత కాలేజీ వాళ్ళు ఆ క్లాసుకి 'సాక్ష్యము, సంబోధన' అని పేరు పెట్టారు. అది బైబిలు పాఠమో, ఉపన్యాసం పాఠమో మా వాళ్ళకి బోధపడటం లేదు. సిలబస్ ఏదైనా ఉంటే పట్టుకురా."

"ఆ కాలేజీ మూతపడింది. మొన్నటి వరదకి బిల్డింగూ వాగులో కలిసిపోయింది. సిలబస్ ఈపాటికి మిసిసిపీ దాకా పోయుంటుంది. నేను మిగిలాను, నన్ను చూసుకోండి."

"నిన్ను ఫైల్లో ఎలా పెట్టనే?"

"ఎందుకు పట్టను, కాస్త లావు ఫైలు చూడు!"

నోవెల్లా పగలబడి నవ్వింది. నవ్వి ఊరుకోలేదు, వేసవి క్లాసులో సీట్లు కూడా నిండిపోయాయని చూసి, నేరుగా ఉపన్యాసం పాఠాలు చెప్పే శాఖ పెద్ద దగ్గరికి వెళ్ళింది. ఆవిడ పేరు ఇంగ్రిడ్ లిండ్‌క్విస్ట్. మిన్నెసోటా నుంచి కొత్తగా వచ్చిన మనిషి. పొడుగ్గా, తిన్నగా ఉంటుంది, మాటా అంతే. "సిలబస్ లేకపోతే పోనీ. వచ్చి మా ముందు ఎనిమిది నిమిషాలు మాట్లాడమనండి. మాకు ఏదైనా ఒక పని చెయ్యడం నేర్పాలి. మా క్లాసులో నేర్చుకున్న వాళ్ళతో సరితూగితే సంతకం పెడతాను," అంది. న్యాయమైన మాటే.

ఏ పని నేర్పాలో డ్రీమా ఆలోచించనక్కర్లేకపోయింది. మొగుడు హెర్షెల్ ఇరవై ఏళ్ళు బొగ్గు గనిలో పనిచేశాడు. ఆ బొగ్గంతా ఇప్పుడు అతని ఊపిరితిత్తుల్లో ఉంది. ముక్కుకి గొట్టం, పక్కన సిలిండరు. వాకిలి దాటి ట్రక్కు దాకా నడిస్తే మధ్యలో రెండుసార్లు ఆగాలి. క్లినిక్‌లో ఈ వైద్యం తెలిసిన ఒక్కగానొక్క అమ్మాయి అతనికి ఊపిరి వదిలే పద్ధతి చెప్పి పంపింది. ఇంటికొచ్చి, "పుట్టినప్పట్నుంచీ పీలుస్తున్నా. ఇప్పుడొకళ్ళు నేర్పాలా నాకు?" అన్నాడు. డ్రీమా బతిమాలింది, తిట్టింది, ఒకరోజు అన్నం పెట్టనని కూడా బెదిరించింది. మొండి ఘటం, కదలడు. సరే, నా మాటా వినడు, తెల్లకోటు వేసుకున్న ఆ అమ్మాయి మాటా వినడు, ఇద్దరం ఒకళ్ళమే అయితే వింటాడేమో, ఆ కోటు నేనే వేసుకుంటా అనుకుంది. ఈ చదువంతా అందుకే. అతను పోతాడేమోనని ఆవిడకి ప్రాణం కొట్టుకుంటోంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు, అంతే.

జూన్‌లో ఒక వేడి మధ్యాహ్నం ఇద్దరూ ట్రక్కులో కాలేజీకి వచ్చారు. గుమ్మం ముందు మెట్లు చూసి హెర్షెల్ తల అడ్డంగా ఊపాడు. "నేను నీడలో కూచుంటా. నువ్వెళ్ళు."

"ఏదైనా మంచిమాట చెప్పి పంపొచ్చుగా?"

"నోరు తెరు. మిగతాది అదే వస్తుంది. నాకు తెలీదా ఏం!"

బిల్డింగు పక్కన మేపుల్ చెట్టు కింద బండి ఆపాడు. డ్రీమా మాట్లాడాల్సిన గది ఆ పక్కనే, కింది అంతస్తులో. ఏసీ చెడిపోయిందని కిటికీలు బార్లా తెరిచి పెట్టారు.

లోపల లిండ్‌క్విస్ట్, ఆవిడకి అటూ ఇటూ ఇద్దరు మేష్టార్లు కూచున్నారు. అందులో ఎర్రగడ్డపాయన ఈ కొండల్లో వాడే. డ్రీమా ఆదివారం గౌను వేసుకుని, ఖాళీ చేతులతో, వాళ్ళ ముందు నిలబడింది. ఇలా నలుగురి ముందు నిలబడటం పాత కాలేజీ తర్వాత ఇదే మొదలు. ఆవిడ చర్చిలో ఆడవాళ్ళు లేచి ప్రసంగించరు. మగవాళ్ళు చెబుతుంటే పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ బెంచీ మీద కూచుని వింది. అందుకేనేమో, నోరు తెరవగానే ఆ వాక్యాలే వచ్చాయి.

"నేను ఇక్కడ నిలబడదగిన దాన్ని కాను," అని మొదలుపెట్టింది. "మీ అందరిలోకీ చిన్నదాన్ని. నాకంటే బాగా చెప్పగలిగిన వాళ్ళు ఈ లోయలో ఎందరో ఉన్నారు, లేవాల్సింది వాళ్ళు. నా దగ్గర చెప్పడానికంటూ ఏమీ లేదు. నాలుగు ముక్కలు దొరికితే చెబుతాను, దొరక్కపోతే కూచుంటాను. నా కోసం ప్రార్థన చెయ్యండి."

అక్కడితో ఆగలేదు. తన చదువు తక్కువని చెప్పింది, తెలివి అంతకంటే తక్కువని చెప్పింది. రెండు నిమిషాలు గడిచాయి. కొండల్లో ఎవరైనా సరే ఈపాటికి ముందుకు వంగి కూచుంటారు. ఎందుకంటే అక్కడ ఎంత పెద్ద ప్రసంగీకుడైతే అంతసేపు తనని తాను తగ్గించుకుంటాడు. లిండ్‌క్విస్ట్ మాత్రం కలం కింద పెట్టేసింది.

"మిసెస్ కాడిల్, మీరు సిద్ధపడి రాలేదంటే పర్వాలేదు, ఇంకో రోజు పెట్టుకుందాం," అంది. "చెప్పడానికి ఏమీ లేదని మీరే అంటున్నారు కదా."

డ్రీమాకి ఒళ్ళు మండింది. చెంపలు ఎర్రబడ్డాయి. ఎవరితో పరాచికాలు అని అడగబోయింది. తీరా ఆవిడ మొహంలోకి చూస్తే ఎగతాళి లేదు. పాపం, నిజంగానే నమ్మింది! చెప్పిన ప్రతి మాటా నమ్మింది! ఎర్రగడ్డపాయన నవ్వు ఆపుకోలేక జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఓరి దేవుడా!" అంది డ్రీమా. "అదంతా నిజమనుకున్నారా? మేం ఇంకొకళ్ళ ఇంటికెళితే గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకుంటామమ్మా. ఇప్పటిదాకా నేను చేసింది అదే. బురదంతా పోయింది, ఇక లోపలికొస్తున్నా. చెప్పడానికి లేకపోవడమేం, బోలెడుంది!"

లిండ్‌క్విస్ట్ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ కలం తీసింది. "రండి మరి," అంది.

వచ్చింది. బొగ్గు జబ్బు వాడికి ఊపిరి పీల్చడం కష్టం అనుకుంటారు గానీ, వదలడం అంతకంటే కష్టమని చెప్పింది. పాత గాలి లోపలే ఉండిపోతుంది, కొత్త గాలికి చోటుండదు. మా అత్తగారి సామాన్ల గది లాగా, అంది. అందుకని ముక్కుతో పీల్చాలి, పెదాలు సున్నాలా చుట్టి దానికి రెట్టింపుసేపు మెల్లగా వదలాలి. "ఏదీ, చెయ్యండి చూద్దాం."

ముగ్గురూ చేశారు. పెద్దమనుషులు కదా, మర్యాదగా పీల్చి ఠక్కున వదిలేశారు.

"ఉహుఁ. నా బస్సు తలుపు కూడా అంత తొందరగా మూసుకోదు. మళ్ళీ."

మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. ఇంట్లో హెర్షెల్‌కి చెప్పేటప్పుడూ డ్రీమా సరిగ్గా ఇక్కడే ఆగిపోయేది. మెల్లగా, మెల్లగా అని ఎంత చెప్పినా మెల్లగా అంటే ఎంతో మాటల్లో ఎలా చెప్పగలదు? గడియారం నడుస్తోంది. ఈ మూడు క్రెడిట్లు, ఆగస్టు, హెర్షెల్, అన్నీ ఈ గదిలోనే పోయేలా ఉన్నాయి.

అప్పుడు ఆలోచించకుండానే, చర్చిలో పెద్దాయన పాట ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. వాళ్ళ చర్చిలో పాటల పుస్తకాలు పంచరు. ఒకరు ఒక్క చరణం గబగబా అందిస్తారు, మిగతా అందరూ దాన్ని అందుకుని సాగదీసి, సాగదీసి పాడతారు. అందరిదీ ఒకే ఊపిరి.

"ఉడికిన చిక్కుడు గింజల వాసన చూడు," అని అందించింది, తలెత్తి, ఆ పాత రాగంలో. చెయ్యి మెల్లగా పైకి లేపింది.

ముగ్గురూ పీల్చారు.

"గిన్నె చల్లారేదాకా ఊదు," అని అందించి చెయ్యి దించింది. ఎంత మెల్లగా దించిందంటే, ఎర్రగడ్డపాయన కళ్ళు మూసుకున్నాడు. ఆయన నాయనమ్మదీ అలాంటి చర్చే. ఆ చెయ్యి బల్లని తాకేదాకా ఆయన ఊదాడు. పక్క మేష్టారు ఊదాడు. లిండ్‌క్విస్ట్ కూడా బుగ్గలు ఎర్రబడేదాకా ఊదింది. డ్రీమా మళ్ళీ అందించింది. గొంతు తగ్గించడం ఆవిడకి చాతకాదు, తగ్గించలేదు కూడా. ఎనిమిది నిమిషాలయ్యాయని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

చివరికి లిండ్‌క్విస్టే తేరుకుంది. "మీ ఉపన్యాసం ప్రణాళిక కాగితం ఏదండీ?"

"కాగితమా? మా చర్చిలో కాగితం పట్టుకుని లేస్తే దేవుడి మీద నమ్మకం లేదంటారు."

"కాలేజీకి కాగితం మీదే నమ్మకం, మిసెస్ కాడిల్. ఇక్కడే కూచుని, చెప్పింది చెప్పిన వరసలో రాసివ్వండి."

రాసిచ్చింది. లిండ్‌క్విస్ట్ చదివింది, సంతకం పెట్టింది. "మొదటి రెండు నిమిషాలు లెక్కలోకి తీసుకోలేదు," అంది.

"అయ్యో, మా అమ్మ ఉంటే ఆ రెండు నిమిషాలకే మార్కులేసేది!"

లిండ్‌క్విస్ట్ నవ్వడం ఆ కాలేజీలో అదే మొదటిసారి చూశానని ఎర్రగడ్డపాయన తర్వాత నోవెల్లాతో చెప్పాడట.

ట్రక్కులో హెర్షెల్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు.

"ఇచ్చారా?"

"ఇవ్వక ఛస్తారా? ఇచ్చారు. సీటు నాదే."

అతను తల ఊపాడు. తాళం తిప్పలేదు. కాసేపు గొంతు సవరించుకున్నాడు. "నేనేం మాటకారిని కాను డ్రీమా," అన్నాడు. "నాకంటే మంచోళ్ళు దొరికేవాళ్ళు నీకు. చెప్పడానికి నా దగ్గర పెద్దగా..."

"బూట్లు తుడుచుకున్నది చాల్లే. లోపలికి రా."

హెర్షెల్ ఆ గది కిటికీ వైపు గడ్డంతో చూపించాడు. "తెరిచే ఉంది. నువ్వు ఎత్తుకున్నావు. ఎత్తుకున్నాక అందుకోకుండా ఎలా ఉంటాను? నేనూ ఊదాను. చివరిదాకా."

బస్సంతటినీ ఒక్క మాటతో కూచోబెట్టే మనిషి మొహం అటు తిప్పుకుంది. కళ్ళు నిండిపోయాయి. గౌను చేత్తోనే తుడుచుకుంది.

"ఎలా ఉంది?" అని అడిగింది.

"లోపల కాస్త చోటు దొరికింది." ఆగి, మళ్ళీ అన్నాడు, "పెళ్ళప్పుడు నాకోసమే కదూ చదువు మానేశావు?"

"నీకోసమే మానేశాను. ఇప్పుడు నీకోసమే చదువుతున్నా. కోర్సు అయ్యేదాకా నువ్వుండాలి హెర్షెల్, చెబుతున్నా. మధ్యలో దిగిపోతానంటే ఊరుకోను."

"నీ బస్సులోంచి ఎవడు దిగగలడే!"

"అయితే ఎత్తుకుంటున్నా. అందుకో."

మేపుల్ చెట్టు కింద, ఇంజను ఆపిన ట్రక్కులో, డ్రీమా కాడిల్ చరణం అందించి చెయ్యి పైకి లేపింది. హెర్షెల్ అందుకున్నాడు.